అటకపై చదువుగది

హోసూరు ప్రాంతపు పాత పెంకుటిండ్లలో అటక లేని యిల్లు అరుదు. కన్నడిగులు దానిని అట్టమందురు; తమిళులు పరణ్ అందురు. పేరేదైనను పని యొక్కటే. ఇత్తడి గంగాళములు, చింతపండు కుండలు, కాలు విరిగిన పీటలు, ఎవరును విప్పని మూటలు, ఇట్లు వాడుకొననివియు పారవేయ మనసొప్పనివియు నన్నియు నచ్చటికే చేరును. మా అటకపై వీనితోపాటు తాతగారినాటి తెలుగు పుస్తకముల పెట్టెలును మూడుండెను.

కడచిన వేసవిలో ఈ అటకను పిల్లల చదువుగదిగా మార్చితిమి. మా యింట చదువుకొనుటకున్నది చావడి యొక్కటే. తమిళనాట 2006లో చేసిన శాసనము ననుసరించి మన పిల్లలు తమిళమును విధిగా నేర్చుచున్నారు. తక్కిన పాఠములు తెలుగున చదువవలెను. ఆంగ్లము సరేసరి. అక్క తమిళ పద్యము వల్లించుచుండ తమ్ముడు తెలుగున ఎక్కములు చదివిన, రెండును కలిసి ఎవరికిని తెలియని మూడవ భాష యొకటి పుట్టుచుండెను.

అటకను గదిగా మార్చదలచు తలిదండ్రులు మొదట చూడవలసినది ఎత్తు. జాతీయ భవన నియమావళి అటకను 1.5 మీటర్లకు మించని ఎత్తుగల, సామానులుంచు చోటుగనే నిర్వచించినది. మనుష్యులు నివసించు గదికి 2.75 మీటర్లు కోరినది. మా అటకకు నడికొప్పు క్రింద 9 అడుగులున్నను చూరువద్ద 3 అడుగులే. కావున దానిని పడకగదిగా వాడరాదని నిశ్చయించుకొంటిమి. కూర్చుండి చదువుకొనుటకు చాలును.

పిదప బలము. కుండలను మోసిన పలకలు ఎగిరి దుముకు పిల్లలను మోయునని నమ్మరాదు. నివాసగృహపు నేల చదరపు మీటరునకు సుమారు 200 కిలోల భారము నోర్వవలెనని ప్రమాణము. వడ్రంగి యొక్కొక్క దూలమును ఉలితో పొడిచి చూచెను. గోడలో దిగిన కొనలవద్ద రెండింటిని చెదలు తినివేసియుండెను. వానిని మార్చి, నడుమ మరి మూడు వేయించితిమి. ఖర్చులో సగము దీనికే సరిపోయెను. కంటికి కనబడని ఖర్చని బంధువులు గొణిగిరి గాని మేము లక్ష్యపెట్టలేదు.

ఇక ఎండ. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరున కర్మాగారము పెట్టిననాటినుండి వ్యాపించిన ఈ పెంకు వాననాపును గాని వేడినాపదు. పెంకులక్రింద జానెడు ఎడము విడిచి పలకల కప్పు కొట్టించితిమి. వేడిగాలి పోవుటకు నడికొప్పువద్ద సందును, ఎదురెదురు గోడలలో చిన్న కిటికీలును ఉంచితిమి. వెలుతురునకు ఉత్తరపు వాలున రెండు గాజు పెంకులు. వెదురు నిచ్చెనకు మారుగా చేతిపట్టె గల కొయ్యమెట్లు.

మిగిలినవి పుస్తకములు. తూకమునకు వేయుడని సలహా యిచ్చినవారు కలరు. వేయలేదు. చూరుక్రింది మూడడుగుల చోటు మనిషికి పనికిరాదు గాని పుస్తకముల అరలకు చక్కగా సరిపోయినది. పెద్ద బాలశిక్ష, పంచాంగములు, హరికథల పుస్తకములు అందు చేరినవి. ఒక పెట్టెనిండ ఉత్తరములు, కౌలు లెక్కలు. అన్నియు గొలుసుకట్టు వ్రాత. పది సంవత్సరములు తెలుగు చదివిన మా అమ్మాయికిని అందొక పంక్తి కూడుకొని రాలేదు. చదువగలిగినది మా అమ్మగారొక్కరే, ఆమె మెట్లెక్కలేరు. అందుచే ప్రతి ఆదివారము ఒక కట్టను క్రిందికి దించుచున్నాము. ఆమె చదువుచుండ అమ్మాయి విడి అక్షరములలో వ్రాసికొనుచున్నది. ఇంతవరకు ఏడు ఉత్తరములైనవి.