కొండ దిగే చక్రం

పిల్లలూ! తాడిమర్రికి తూర్పున, కడప జిల్లా సరిహద్దులో, ప్రహరీగోడ కట్టినట్టు ఒక కొండల వరుస ఉన్నది. చిత్రావతి నది పార్నపల్లి దగ్గర ఆ వరుసను చీల్చుకుని అవతలికి పోతుంది. అక్కడే అడ్డుకట్ట వేసి నీరు నిలిపారు. సుమారు 190 కోట్ల సంవత్సరాల క్రితం నీటి అడుగున పేరుకున్న ఇసుకా గులకరాళ్ళూ గట్టిపడి ఈ కొండల రాయి అయింది. రాతి పొరలు తూర్పుకు వాలి ఉంటాయి. అందుచేత పడమటి ముఖం నిటారుగా, తూర్పు ముఖం చాపలాగా వాలుగా ఉంటుంది. ఇక ధర్మవరం దాటి పెనుకొండ వైపు వెళ్ళారా, అక్కడివి వేరే జాతి కొండలు. 250 కోట్ల సంవత్సరాలు పైబడిన నల్లరాతి గుండ్లు! ఎండకు కాగి, రాత్రి చల్లబడి, ఉల్లిపాయ పొరల్లాగా ఊడుతూ ఉంటాయి.

ఇటువంటి కొండల మీద సైకిలు తొక్కవచ్చునా?

తొక్కవచ్చు. ప్రపంచంలో చాలాచోట్ల తొక్కుతున్నారు కూడాను. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో దానికొక పందెమే పెట్టారు. యూరపులోని ఆల్ప్స్ పర్వతాలలో, చలికాలం మంచు మీద జారి ఆడుకునేవారిని పైకి చేర్చే తీగబండ్లు ఉన్నాయి. వేసవి రాగానే అవే బండ్లు సైకిళ్ళనూ, సైకిళ్ళవాళ్ళనూ శిఖరం దాకా మోస్తాయి. అక్కడినుంచి దిగడమే వాళ్ళ ఆట. మనకు తీగబండ్లు లేవు, మనమే ఎక్కాలి. అదేమంత లోటు కాదని నా అభిప్రాయం. ఎక్కేటప్పుడు దారిని నిదానంగా చూసినవాడు దిగేటప్పుడు తడబడడు.

కాని కొండ మీద దారి ఎక్కడ ఉండాలి? దీనికి మన మేకలూ గొర్రెలూ ఎప్పుడో జవాబు చెప్పాయి. నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో రాడ్డు బ్రేకుల సైకిలు మీద బండిబాటల వెంట పల్లె బడులకు పోయేవాణ్ణి. గుట్ట కనిపించిన ప్రతిచోటా మంద నడిచిన బాటను గమనించడం నాకు అలవాటు. మంద ఎన్నడూ గుట్టను ముక్కుసూటిగా ఎక్కదు. నడుముకు మొలతాడు చుట్టినట్టు అడ్డంగా పోతూ పోతూ, కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది.

చిత్రావతి పుట్టింది కర్ణాటకలో, నంది కొండల ప్రాంతాన. నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. సెలవు రోజులలో తెల్లవారుజామునే బెంగుళూరు నుంచి సైకిళ్ళవాళ్ళు గుంపులుగా వచ్చి దాన్ని ఎక్కుతారు. అది తారురోడ్డే, కాని సుమారు నలభై మెలికలు తిరుగుతుంది. మెలికలు ఎందుకు? దారి పొడవు పెరిగిన కొద్దీ వాలు తగ్గుతుంది. వాన నీటికి ఈ ఓపిక లేదు. అది దగ్గరి దారి వెతుక్కుని నిట్టనిలువుగా దూకుతుంది. వాలు ఎంత ఎక్కువైతే నీటికి అంత వేగం, వేగం ఎంత ఎక్కువైతే మట్టిని అంత ఎక్కువగా కోస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సైకిలు దారిని కొండ మీద నుంచి తిన్నగా కిందికి వేశామనుకోండి. మొదటి వానకే నీరు ఆ దారిని తన దారి చేసుకుంటుంది. రెండేళ్ళు పోతే అక్కడ బాట ఉండదు, వంక ఉంటుంది. మన అనంతపురం సీమలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే. అయినా పడినప్పుడు రెండు మూడు గంటలలో కుండపోతగా పడుతుంది. కొండ మీద మట్టి జానెడో, బెత్తెడో. ఆ పలచటి మట్టినే పట్టుకుని బోదగడ్డీ, సీతాఫలం పొదలూ బతుకుతున్నాయి. అది ఒకసారి కొట్టుకుపోతే మళ్ళీ రావడానికి మీ మనవళ్ళ కాలం కూడా చాలదు. మంద మేపుకునేవాళ్ళకు ఆ గడ్డే ఆధారం గదా!

అందుకని దారులు వేయడం తెలిసినవాళ్ళు కొన్ని లెక్కలు పెట్టుకున్నారు. దారి సగటు వాలు నూటికి పది మించకూడదు. అంటే 100 మీటర్ల దూరం పోతే 10 మీటర్ల కంటె ఎక్కువ ఎక్కగూడదు. మరొకటి ఏమంటే, దారి వాలు ఎప్పుడూ కొండ వాలులో సగానికి లోపే ఉండాలి. కొండ నూటికి పన్నెండు వాలు ఉన్నచోట దారి నూటికి ఆరు కంటె దిగితే నీరు దారి దాటిపోదు, దారి వెంటే పరుగెత్తుతుంది. దారి బయటి అంచు లోపలి అంచు కంటె కాస్త పల్లంగా, మీటరు వెడల్పుకు అయిదు సెంటీమీటర్ల చొప్పున, ఉంచుతారు. నీరు పలచని పొరలాగా అడ్డంగా జారిపోతుంది. దిగుతున్న దారి మధ్య మధ్య నాలుగడుగులు పైకి లేచి మళ్ళీ దిగుతుంది. దారి వెంట వచ్చే నీరు ఆ పల్లం దగ్గర ఆగి పక్కకు తప్పుకుంటుంది. సైకిలు తొక్కేవాడికి అక్కడ ఉయ్యాల ఊగినట్టు ఉంటుంది!

ఈ వాలు కొలవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. రెండు నిలువు కర్రలను పై కొసల దగ్గర కలిపి కట్టండి. కింది కొసలు సరిగ్గా ఒక మీటరు దూరం ఉండాలి. మధ్యలో ఒక అడ్డకర్ర కట్టి, పై ముడి నుంచి దారంతో చిన్న రాయి వేలాడదీయండి. చదును నేల మీద నిలబెట్టినప్పుడు దారం అడ్డకర్రను ఎక్కడ తాకుతుందో అక్కడ గీత గీయండి. ఇప్పుడు ఒక కాలి కింద 10 సెంటీమీటర్ల ఎత్తు చెక్క పెట్టి, దారం జరిగినచోట రెండో గీత గీయండి. అదే మీ ‘నూటికి పది’ గీత. మెట్ట పొలాలలో వానకు మట్టి పోకుండా అడ్డగట్లు వేసేటప్పుడు ఇటువంటి చట్రంతోనే సమమట్టం చూస్తారు. మీ ఊరి గుట్ట మీద మేకల బాట దగ్గర పెట్టి చూడండి. మేకల లెక్క మీకే తెలుస్తుంది.

ఎక్కడం అయింది, దిగడం చూద్దాం. 1976 అక్టోబరు 21న అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర, కొందరు కుర్రవాళ్ళు పాత సైకిళ్ళతో ఒక కొండ దిగే పందెం పెట్టుకున్నారు. మూడు కిలోమీటర్ల చిల్లర దూరంలో సుమారు 400 మీటర్లు దిగాలి. లావుపాటి టైర్లు, వెనుక ఇరుసులో బ్రేకు. పెడలును వెనక్కి తొక్కితే అది పడుతుంది. కిందికి చేరేసరికి ఆ ఇరుసు కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ ఇరుసు విప్పి కొత్త గ్రీజు దట్టించాలి. మళ్ళీ దట్టించడాన్ని ఇంగ్లీషులో ‘రీప్యాక్’ అంటారు. ఆ దారికి ఆ పేరే స్థిరపడింది. ఆ మిత్రబృందంలోని జో బ్రీజ్ అనే అతను 1977లో కొండల కోసమే ప్రత్యేకంగా ఒక సైకిలు తయారుచేశాడు. ఈనాటి కొండ సైకిళ్ళ వంశం అక్కడినుంచే పెరిగింది.

గ్రీజు ఎందుకు కాలింది? మీరూ మీ సైకిలూ కలిసి 50 కిలోలనుకోండి. 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదల అయ్యే శక్తి 50 × 9.8 × 100, అంటే 49,000 జౌళ్ళు. కొంత గాలి లాక్కున్నా, మెల్లగా దిగితే తక్కినదంతా బ్రేకులో వేడిగా మారవలసిందే. ఒక చిన్న గ్లాసెడు నీళ్ళను మరిగించడానికి అది చాలు. ఆ పందెంలో పెద్దవాళ్ళు దిగిన ఎత్తుకు లీటరు నీళ్ళు మరుగుతాయి! అందుకే ఈనాటి మంచి సైకిళ్ళకు చక్రం నడుమ ఉక్కు పళ్ళెం పెట్టి, దానిని రెండు వైపులా నొక్కే బ్రేకు అమరుస్తారు. పళ్ళెం గాలికి చల్లారుతుంది.

చాలామంది పిల్లలు దిగుతూ దిగుతూ వెనుక బ్రేకు గట్టిగా పట్టి, చక్రం ఆగి ఈడ్చుకుపోతుంటే, దుమ్ము లేస్తుంటే, అదొక గొప్ప అనుకుంటారు. అది రెండు విధాల నష్టం. ఆగిపోయిన చక్రం నేల మీద జారుతుంది. జారే చక్రానికి నేల పట్టు, దొర్లే చక్రానికి ఉన్నంత ఉండదు. కాబట్టి సైకిలు ఆలస్యంగా ఆగుతుంది, మలుపు తిరగమంటే తిరగదు. రెండోది, ఆ చక్రం నాగలి కర్రులాగా దారిని చీలుస్తుంది. ఆ చాలు వెంటే రేపటి వాన నీరు దిగుతుంది. బ్రేకు ఎంత పట్టినా చక్రం తిరుగుతూనే ఉండాలి. దానికి ఉపాయం, మలుపు రాకముందే వేగం తగ్గించడం, ముందు బ్రేకునూ వెనుక బ్రేకునూ కలిపి మెత్తగా పట్టడం, పిరుదులు సీటు వెనక్కి జరపడం. ముందు బ్రేకు ఒక్కటే ఠక్కున పడితే మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరి పడతాడు.

ఎక్కడానికి కావలసిన పళ్ళ చక్రాల లెక్క మీ సైన్సు మాస్టారే చెబుతారు. ముందు పళ్ళు తక్కువ, వెనుక పళ్ళు ఎక్కువ అయితే కాలికి సులువు, దూరం తక్కువ. అంతే.

మన కొండలకు వెళ్ళేముందు పెద్దలకు చెప్పండి, వీలైతే వాళ్ళనే వెంటపెట్టుకుపోండి. తలకు టోపీ అంటే గుడ్డ టోపీ చాలదు, గట్టి హెల్మెట్టు కావాలి. మంద ఎదురైతే దిగి, సైకిలు పక్కకు తీసి, పోనివ్వండి. దారి వాళ్ళది. నల్లరాతి గుండ్ల మీద పొడిగా ఉన్నప్పుడు టైరు బాగా పట్టుతుంది, నాచు పట్టి తడిసినప్పుడు సబ్బులాగా జారుతుంది. వాన వెలిసిన రోజున అసలు వెళ్ళవద్దు. తడి మట్టిలో చక్రం గాడి లోతుగా పడుతుంది. పల్లేరు కాయలూ తుమ్మ ముళ్ళూ ట్యూబును వదిలిపెట్టవు. పంపు, అతుకు ముక్కలు, ఒక ట్యూబు సంచిలో ఉండాలి, రెండు సీసాల నీళ్ళు కూడాను. మన కొండలలో ఎలుగుబంట్లు ఉన్నాయి. అవి సాయంత్రం చల్లబడ్డాక గుహలు విడిచి బయటికి వస్తాయి. సీతాఫలాలు పండే రోజులలో మరీను. పొద్దు వాలకముందే మీరు బండిబాట చేరి ఉండాలి.