పొన్నూరి త్రోవలో ఒంటికంటి కారు

గుంటూరునుండి చేబ్రోలు మీదుగా బాపట్లకు పోవు త్రోవలో, సుమారు 30 కిలోమీటర్ల దూరమున పొన్నూరు కలదు. పడమరగా పోయిన ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడి. ఊరిచుట్టును కాలువల క్రింది మాగాణి. మాఘమాసమున వరికోతలు ముగిసి ఆ మళ్లలో మినుపచేలు పచ్చగా నుండును. రైలుస్టేషను పేరు మాత్రము నిడుబ్రోలు. ఆచార్య రంగాగారు 1900లో జన్మించిన గ్రామమదియే. ఇచటి భావనారాయణస్వామి యొక వివాదమున సాక్ష్యము పలికెనని స్థలపురాణము. అందుచే సాక్షి భావనారాయణుడని ప్రసిద్ధి. ఆ త్రోవను మేము పలుమారులు పోయితిమి గాని, ఊరిలో నిదానముగా నిలిచినది మా కారు దీపము చెడిన రాత్రియే.

మా మామగారి అంబాసిడరు 1984 నాటిది. కలకత్తా చేరువనున్న ఉత్తరపారలో 1958 మొదలు 2014 వరకు ఆ కార్లను చేసిరి. మాది యింకను నడుచుచున్నది. నడుపువారికి ఓరిమి కావలెను, అంతియే.

మా ఆడపడుచునకు ఏడవ నెల. గుంటూరులో సీమంతము కాగానే ఆమెను బాపట్లకు, పుట్టినింటికి, తోడ్కొని వచ్చుచుంటిమి. పొన్నూరిలో స్వామిని సేవించి, వీరాంజనేయ గరుత్మంతుల మహావిగ్రహముల యెదుట తలలెత్తి నిలిచి, బయలుదేరునప్పటికి చీకటి పడెను. ఊరు దాటి 3 కిలోమీటర్లు పోయితిమో లేదో, ఎదుటి లారీ యొకటి మా మీదికే వచ్చెను. మావారు కారును రోడ్డు వారకు దింపిరి. ఆడపడుచు రెండు చేతులను కడుపుపై నుంచుకొని చాలసేపు మాటాడలేదు.

దిగి చూడగా ఎడమ దీపము చక్కగా వెలుగుచుండెను. కుడిది నివురులోని నిప్పువలె ఎఱ్ఱగా మిణుకుచుండెను. లారీవాని తప్పేమి? రోడ్డంచున ఒక్క దీపమే కనబడుటచే మోటారుసైకిలని భ్రమించి, మేమున్న చోటు ఖాళీయని తలచియుండును. మెల్లగా వెనుకకు మరలి పొన్నూరు చేరితిమి.

ఒక దుకాణమున బల్బు మార్చిరి. క్రొత్తదియు అట్లే ఎఱ్ఱబారెను. "వైరింగంతా మార్చాలమ్మా, రేపు రండి" అని మెకానిక్కు షట్టరు దించెను. మావారు బడిలో విద్యుత్పాఠము చెప్పువారే. ఆ రాత్రి ఆ పాఠ మాయనకు తోచలేదు!

ప్రక్క టీకొట్టులో, ఒకప్పుడు ప్రత్తిబేళ్ల లారీలు నడిపిన వృద్ధుడొకడు కూర్చుండియుండెను. అతడు కారులోనికి తొంగిచూచి, "దీపాలు డిప్పులో ఉండగా ఈ నీలిబుడ్డి ఎందుకు మిణుకుతోంది తల్లీ?" అని యడిగెను. నిజమే! పెద్దవెలుగు వేసినపుడు మాత్రమే ఆ నీలిదీపము వెలుగవలెను. మేము దానిని చూచియు చూడకుంటిమి.

అతడు చెప్పినదిది. బ్యాటరీలో బయలుదేరిన విద్యుత్తు బల్బును వెలిగించి మరల బ్యాటరీకి చేరవలెను. పోవుటకు వైరుండును, తిరిగివచ్చుటకు కారు రేకే దారి. దీనినే ఎర్త్ అందురు. కుడి దీపపు ఎర్త్ తెగుటచే విద్యుత్తు అదే బల్బులోని పెద్దవెలుగు తీగలో దూరి, ఆ వైరు వెంట ఎడమ దీపమునకు పోయి, అచట రేకును చేరుచున్నది. దారిలో నీలిదీపమునకును కొంత పంచుచున్నది. అంత చుట్టు తిరిగిన దానికి వెలుగునిచ్చు బలమెక్కడిది? నిరపరాధియగు బల్బుపై మేము నేరము మోపితిమి, సాక్షినడిగినవారు లేరు.

అతడు 12 వోల్టుల చిన్నబల్బునకు రెండు వైర్లు కట్టి తెచ్చెను. మావారు టార్చి పట్టగా పరీక్ష మాచేతనే చేయించెను. హెడ్‌లైటు వెనుకనున్న మూడు పిన్నుల సాకెట్టును ఊడదీసి, స్విచ్చి వేసి, ఒక వైరును బ్యాటరీ నెగెటివునకును, రెండవదానిని డిప్పు పిన్నునకును తాకింపగా చిన్నబల్బు తళుక్కుమనెను. విద్యుత్తు వచ్చుచున్నదన్నమాట. నెగెటివునకు బదులు సాకెట్టులోని నల్లవైరునకు తాకింపగా వెలుగలేదు. తిరుగుదారియే తెగినది.

స్విచ్చి కట్టి నల్లవైరు వెంట పోగా అది మడ్గార్డు లోపల స్క్రూతో బిగింపబడియుండెను. స్క్రూ చుట్టును త్రుప్పు. సూర్యలంక సముద్రపు ఉప్పుగాలి మా ఊరికి క్రొత్తది కాదు గదా! స్క్రూ ఊడదీసి, రేకు మెఱయువరకు ఉప్పుకాగితముతో రుద్ది, వైరుకొనను గీకి, గట్టిగా బిగించి, పైన వాజిలీను పూసితిమి. హాలొజను బల్బు గాజును వ్రేళ్లతో తాకరాదనియు, చేతిజిడ్డు అంటినచోట గాజు అధికముగా వేడెక్కి చెడుననియు అతడు హెచ్చరించెను.

స్విచ్చి వేయగానే టీకొట్టు గోడ తెల్లబారెను. నీలిబుడ్డి ఆరిపోయెను. వృద్ధుడు డబ్బు పుచ్చుకొనక టీ మాత్రము త్రాగెను. తీసివేసిన పాతబల్బును మేము పసుపుగుడ్డలో చుట్టి డిక్కీలో నుంచితిమి; నేటికిని అచటనే యున్నది.

మిగిలిన త్రోవలో ఎదురైన లారీలు తమ వారనే పోయినవి. రాత్రి పదిగంటలకు బాపట్ల చేరితిమి. అరుగుపై కూర్చుండిన అత్తగారు వీధిమలుపున రెండు దీపములు కనబడగానే లేచి, దిష్టి తీయుటకై ఎఱ్ఱనీళ్లు తెచ్చుటకు లోనికి పోయిరి.