మోటారు మూత లోపలి రాత



పోయిన నెల తిరువళ్ళూరు పక్కన కాక్కలూరులో మన అబ్బాయి ఒకడి షెడ్డులో లేత్ మోటారు కాలిపోయింది. కాల్చింది మేమే. అందుకే రాస్తున్నాము.

లేత్ పాతది, జర్మనీది. అప్పు చేసి కొన్నాడు, హామీ సంతకాలు మావి. నేమ్‌ప్లేటు మీద రంగు మీద రంగు పడి ఏమీ కనబడలేదు. మూత తీస్తే ఆరు వైర్లు. "మన పంపుసెట్లన్నీ డెల్టానే కదా, ఇదీ అంతే" అన్నాము. స్విచ్చి వేయగానే ఘుర్రుమంది. కాసేపటికే వార్నిషు వాసన, పొగ.

తిరుత్తణిలో రివైండింగ్ చేసే చిన్నాయన దగ్గరికి మోసుకెళ్ళాము. ఆయన మొదట మూత తిరగేశారు. లోపల ఎర్ర రంగుతో తెలుగులో రాసి ఉంది: "స్టార్‌లోనే కట్టవలెను". తరువాత ప్లేటు గీకితే 220/380 అని బయటపడింది.

అబ్బాయి ఆ రాత ముందే చూశాడట. తమిళంలో చదువుకున్నవాడు, ఏవో గీతలనుకున్నాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మేము మూత వైపు చూడనే లేదు. వాణ్ణి ఏమని తిట్టేది?

చిన్నాయన చెప్పింది ఇది. 220/380 మోటారులో ఒక్కో చుట్టకు 220 వోల్టులే పడాలి. మన 415 లైనులో స్టార్ కడితే చుట్టకు 240 దాకా వస్తుంది, ఓర్చుకుంటుంది. డెల్టా కడితే మొత్తం 415 పడుతుంది, కాలుతుంది. అదే డెల్టా మోటారును స్టార్‌లో కడితే బలం మూడో వంతుకు తగ్గుతుంది. లోడు పెట్టకపోతే చెడదు. కాబట్టి ప్లేటు తెలియనప్పుడు మొదట స్టార్, లోడు లేకుండా, క్లాంపు మీటరు పెట్టి చూడాలి. తొమ్మిది వైర్లుంటే అమెరికా మోటారు కావచ్చు. దాన్ని ముట్టుకోకుండా తెలిసినవాళ్ళను పిలవాలి.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఆ మూత మీద రాసినవారు ఎవరో, ఎప్పుడు రాశారో తెలియదు. తన తరువాత విప్పేవాడికి తెలుగు వస్తుందనే నమ్మి రాశారు.

రివైండింగ్ ఖర్చు మేము నలుగురం పంచుకున్నాము. ఆ నెల ఆర్డరు మాత్రం పోయింది, దాన్ని తెచ్చివ్వలేము. కొత్త మూతలో చిన్నాయన తెలుగులో రాశారు, కింద అబ్బాయి తమిళంలో రాశాడు. వాడిప్పుడు ఆదివారాలు ఆయన దగ్గర అక్షరాలు దిద్దుతున్నాడు.

మీ షెడ్లలో పాత మోటార్లుంటే, మెయిన్ ఆపి, మూత లోపల ఒకసారి చూడండి.