చేరాక ఒక ఫోన్

మా అమ్మ ఏ పెళ్ళికి వెళ్ళొచ్చినా, చీర మార్చుకోకముందే ఫోన్ దగ్గర కూర్చునేది. "వదినా, క్షేమంగా చేరాం. మీ అబ్బాయి ఉద్యోగం సంగతి మా తమ్ముణ్ణి అడుగుతానన్నాగా, రేపే అడుగుతా" అనేది. అడిగేది కూడా. నాకదంతా చాదస్తంగా అనిపించేది.

పోయినేడాది శ్రావణంలో, ఇంటిపట్టున వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ళ సమావేశం ఉందంటే విజయవాడ వెళ్ళాను. నా పొడుల సంగతి మీకు తెలుసుగా! 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు వేయించిన కొత్త లేబుళ్ళు అందరికీ చూపించుకుని మురిసిపోయాను. 17 కార్డులు పోగేశాను. ఇంటికొచ్చి వాటికి రబ్బరుబ్యాండు వేసి ఫ్రిజ్ మీద పెట్టాను. మర్నాడు పిల్లాడికి జ్వరం, పనమ్మాయి రాలేదు. అంతే సంగతులు.

మూడు వారాల తర్వాత ఫ్రిజ్ తుడుస్తుంటే కనిపించాయి. గుండె జారిపోయింది. హాస్టల్ నడిపే ఒకావిడ, కారం తగ్గించి కందిపొడి శాంపిల్ పంపమంటే, "ఎల్లుండికల్లా పంపిస్తానండీ" అని నోరారా చెప్పొచ్చాను. ఫోన్ చేశాను. "మీరు పంపుతారని వారం చూశానమ్మా. ఇప్పుడు వేరే ఆవిడ ఇస్తోంది" అంది. నెలకి పది కిలోల ఆర్డరు! "ఇంకోటి వస్తుందిలే" అన్నారు మావారు. డబ్బు కంటే ఆ "వారం చూశాను" అన్న మాటే రాత్రంతా గుచ్చుకుంది.

డిసెంబరులో మళ్ళీ వెళ్ళాను. ఈసారి అయిదే కార్డులు. తిరుగు బస్సులోనే ఒక్కో కార్డు వెనక రాసుకున్నాను: "నువ్వుల పొడి, ధరలు పంపాలి, వాళ్ళత్తగారికి ఉప్పు తక్కువ". (నున్నటి కార్డుల మీద పెన్ను పడి చావదు. అవి ఫోన్లో రాసుకున్నాను.) మర్నాడు అందరూ వెళ్ళాక, ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టాను. గులాబీ బొమ్మతో అందరికీ ఒకటే గుడ్ మార్నింగ్ కాదు. "నమస్తే అండీ, నిన్న భోజనాల దగ్గర మీ పక్కన కూర్చున్న పొడుల ఆవిడని. మీరడిగిన ధరలు ఇవిగో. శాంపిల్ గురువారం పంపుతాను." గురువారం పంపాను.

ఇద్దరు వెంటనే పలికారు. కిరాణా షాపావిడ మాత్రం చూసి ఊరుకుంది. నీలం టిక్కులు చూస్తే ఒళ్ళు మండింది. మళ్ళీ అడగడం నామోషీ అనుకున్నాను కానీ, వారం ఆగి, "నా మెసేజ్ చూశారా" అనకుండా, "నువ్వుల పొడి రుచి ఎలా ఉందండీ?" అని మాత్రం రాశాను. రాత్రి జవాబొచ్చింది: అత్తగారికి ఆపరేషనట, వారం నుంచీ ఆస్పత్రిలోనే ఉన్నారట. "మంచిపని చేశారు, మీ మెసేజ్ ఎక్కడో కిందికి పోయింది" అంది. ముందు అత్తగారి కులాసా అడిగాను. పది రోజులకి తనే ఫోన్ చేసి ఆరు ప్యాకెట్లు పంపమంది. మిగిలిన ఇద్దరూ రెండుసార్లకీ పలకలేదు. మూడోసారి నేనూ కదపలేదు.

సంక్రాంతికి హాస్టలావిడకీ పావుకిలో కందిపొడి పంపాను, కారం తగ్గించి. ఆర్డరు ఊసెత్తలేదు. "పిల్లలు బావుందన్నారమ్మా. కొత్త బ్యాచ్ వచ్చాక జూన్‌లో ఒకసారి చెయ్యి" అంది. వంటింటి క్యాలెండర్లో జూన్ 15 చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టాను. అది గ్యాస్ బుకింగ్ అనుకుంటున్నారు మావారు.