మన పేట బడి, మన తీర్మానం



పోయిన సమావేశంలో ‘గవర్నమెంటు బళ్ళో తెలుగు లేకుండా చేశారు’ అని తీర్మానం రాశాం. నేనూ చెయ్యెత్తాను. ఇంటికొచ్చాక మనసు ఒప్పుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చదివింది అంబత్తూరులో గవర్నమెంటు బడి, అరవ మీడియం. తెలుగు అక్షరాలు మా అమ్మ క్యాలెండరు చూపించి నేర్పింది. ఆ బడి చదువుతోనే రైల్వేలో గుమస్తా ఉద్యోగం వచ్చింది. కానీ 1993లో నా కొడుకుని చేర్చే వేళకి ఆ బడి నాకు పనికిరాలేదు. చదువు బాగాలేదని కాదు, నేను లోపలికెళ్ళి చూసిందే లేదు. ఆఫీసులో అందరి పిల్లలూ మెట్రిక్ స్కూలుకి పోతుంటే నాకు సిగ్గేసింది. పీఎఫ్ లోను పెట్టి ఫీజు కట్టాను. ఇవాళ వాడు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. ఈ పోస్టు వాడికి నేనే చదివి వినిపించాలి.

తమిళం తప్పనిసరి అనే చట్టం 2006లో వచ్చింది. ఏడాదికో తరగతి పెరిగి 2016లో పదో తరగతి పరీక్షకి వచ్చింది. మనవాళ్ళు కోర్టుకెళ్ళారు, అది న్యాయమే. కానీ మా పేట బళ్ళో తెలుగు సెక్షను అంతకు ముందే మూతపడింది, పిల్లలు లేక. ఆ ఖాళీ బెంచీల్లో ఒకటి నా కొడుకుది.

ఇప్పుడు మనవరాలికి ఒకటో తరగతి. కోడల్ని పిలుచుకుని బడికి వెళ్ళాను. పిల్లలు పొద్దున టిఫిను తింటున్నారు. ఇంగ్లీషు మీడియం సెక్షను ఉంది. ఒక పాప ఇంగ్లీషు పాఠం కూడబలుక్కుని చదివింది, తప్పుల్లేవు. లోపాలూ చూశాం. రెండు తరగతులు ఒకే గదిలో ఉన్నాయి. మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు.

ఈ గడియ సంగతి ఎవరడగాలి? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మన పిల్లలు అక్కడ లేరు కాబట్టి మనకి కుర్చీ లేదు. బయట నిలబడి తీర్మానాలు రాస్తున్నాం.

కోడలు దారంతా మాట్లాడలేదు. ఇంటి గడప దగ్గర అంది: “మామయ్యా, మీరు రోజూ దింపి తీసుకొస్తానంటే ఒక సంవత్సరం చూద్దాం. ఆ కమిటీలో నేను చేరతాను. గడియ మాత్రం ముందు పెట్టించాలి.”

సరేనన్నాను. తెలుగు అక్షరాలు సాయంత్రం నేను దిద్దిస్తాను, మా అమ్మ లాగే.

అందరూ నాలాగే చెయ్యాలని అనను. ఎవరి ఇంటి కష్టం వాళ్ళది. ఒక్కటే కోరతాను. వచ్చే సమావేశం లోపల మీ వీధి బడికి వెళ్ళి ఒక గంట కూర్చుని రండి. ఆ తర్వాత తీర్మానం మళ్ళీ రాద్దాం.