మా అవ్వ బంతి విత్తనాలు

ఉగాది వస్తున్నదంటే అందరికీ వేపపూతా, మామిడిపిందెలూ, కోయిల కూతా గుర్తుకు వస్తాయి. నాకు మాత్రం వాటితోపాటు మూడు డాల్డా డబ్బాలూ, ఒక మెడ విరిగిన కుండా కూడా గుర్తుకు వస్తాయి. ఎందుకో చెబుతాను, వినండి.

మా ఊరు కడప జిల్లాలో, జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ నడుమ, పెన్నేటికి కొంచెం ఎడంగా ఉన్నది. చుట్టూ నల్లరేగడి పొలాలు. మాది మట్టి మిద్దె. ముందు నాపరాళ్ళు పరిచిన అరుగు, పక్కన ఒక వేపచెట్టు, వెనక బర్రెల కొట్టం, దాని పక్కనే చేదబావి. మిద్దె ఎక్కి చూస్తే దూరాన పెన్నేటి ఇసుక తెల్లగా మెరుస్తూ ఉండేది. ఇసుక అన్నానుగాని నీళ్ళు అనలేదు, గమనించారా? కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, అనంతపురం సీమ దాటి, గండికోట దగ్గర కొండను చీల్చుకుని మా వైపు వచ్చే పెన్న, ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగానే ఉండేది. గండికోట జలాశయం అప్పటికి ఇంకా కట్టలేదు. ఎండాకాలంలో జనం ఇసుకలో చెలమలు తవ్వి నీళ్ళు తోడుకునేవాళ్ళు.

నేను ఆరో తరగతి చదువుతుండగా ఇంగ్లండు పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి నా చేతికి వచ్చింది. అందులో వసంతకాలం బొమ్మ ఉన్నది. మంచు కరిగిపోయింది. ఒక ఇంటి ముందు ఎర్రవీ, పచ్చవీ, నీలంవీ తొట్లు వరసగా ఉన్నాయి. నా ఈడు పిల్లవాడు వాటిలో విత్తనాలు చల్లుతున్నాడు. ఆ బొమ్మను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మనకు కూడా ఉగాదితో వసంతమే గదా వచ్చేది! మా అరుగుమీద కూడా అలాంటి రంగుల తొట్లు పెట్టాలని నిశ్చయించుకున్నాను.

తొట్లకు కొదవ లేదు. ఖాళీ డాల్డా డబ్బాలు మూడు దొరికాయి. కొట్టంలో అడుగున చిల్లిపడిన బాన ఒకటీ, మెడ విరిగిన నీళ్ళకుండ ఒకటీ ఉన్నాయి. ఇక కావలసినవి రంగులు. మా నాయన వాకిళ్ళకు వెయ్యటానికి ప్రొద్దుటూరునుంచి తెచ్చిన ముదురు ఆకుపచ్చ రంగు కొంచెం మిగిలి ఉంటే, అది రెండు డబ్బాలకు పూశాను. సున్నంలో నీలిమందు కలిపి మూడో డబ్బాకు పూశాను. బానకు తెల్లసున్నం కొట్టి, దానిమీద పసుపుపచ్చని చారలు వెయ్యాలనుకున్నాను. అమ్మ చూడకుండా వంటింట్లోనుంచి గుప్పెడు పసుపు తెచ్చి సున్నంలో కలిపాను. కలిపానో లేదో, అది కాస్తా రక్తంలా ఎర్రబడిపోయింది! నేను భయపడి పుల్ల కింద పడేశాను.

ఇందులో మాయ ఏమీ లేదు. పసుపులో ఉండే రంగుకు ఒక గుణం ఉన్నది: సున్నంవంటి క్షారం తగిలితే అది ఎర్రగా మారుతుంది. పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టే పారాణి ఇలాగే తయారవుతుంది. ఆ సంగతి మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు, నాకు ఒక్కడికే తెలియదు. సరే, ఎర్రచారలే వేశాను. నాలుగు రోజుల ఎండకు అవీ వెలిసిపోయాయి. మెడ విరిగిన కుండ వంతు వచ్చేసరికి రంగులన్నీ అయిపోయాయి. అందుచేత దాన్ని అందవికారంగా ఉన్నదని వేపచెట్టు వెనక పెట్టేశాను.

ఇక విత్తనాలు. ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను.

మా అవ్వా, మా అమ్మా ఇద్దరూ పులివెందుల దగ్గర ఒకే ఇంటి ఆడపడుచులు. మా అమ్మ అవ్వకు సొంత మేనకోడలు. అవ్వ పెళ్ళయి మా ఊరికి వచ్చేటప్పుడు పుట్టింటినుంచి చిన్న గుడ్డమూటలో బంతి విత్తనాలు తెచ్చుకున్నదట. ఏటా వానలు పడ్డాక వాటిని నాటేది. దసరాకు, దీపావళికి, సంక్రాంతికి గుమ్మాలకు ఆ పూలే. చివర కాసిని పూలు కొయ్యకుండా చెట్టునే ఎండనిచ్చి, ఆ గింజలను మళ్ళీ అదే గుడ్డలో కట్టి దూలానికి వేలాడదీసేది. నలభై ఏళ్ళుగా ఆ విత్తనం మా ఇంట్లో తెగిపోకుండా వస్తున్నది.

అవ్వ ఇంట్లో లేని సమయం చూసి మూట దించాను. సగమే తీద్దామనుకున్నాను. కాని తొట్లు అయిదాయె! చూస్తుండగానే మూట ఖాళీ అయింది. ఖాళీ మూట చూస్తే అవ్వకు తెలిసిపోతుందని, అందులో గుప్పెడు జొన్నపొట్టు పోసి, మునుపటిలాగే ముడివేసి, దూలానికి కట్టేశాను.

చేలోనుంచి నల్లరేగడి మట్టి తెచ్చి నాలుగు తొట్లు నింపాను. కుండకు మట్టి చాలలేదు. కొట్టం పక్కన ఊడ్చిపోసిన పెంటమన్నూ, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన పెన్నేటి ఇసుకా కలిపి దానిలో పోశాను. అయిదారు రోజులకే అన్నిటిలోనూ మొలకలు వచ్చాయి! అరుగుమీద నాలుగు తొట్లూ వరసగా పెడితే దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నా ఆనందం ఇంతా అంతా కాదు.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. బావిలో నీళ్ళు అడుగంటుతున్నాయి. చేదకు సగం బురదే వచ్చేది. మొక్కలకు నీళ్ళు ఎక్కడివి? నేను కుడితితొట్టిలో పైన తేరిన నీళ్ళు చెంబుతో ముంచి పోశాను. బియ్యం కడిగిన నీళ్ళూ, గంజీ కలిసిన కుడితి అది. రెండు రోజులకు తొట్లు పులిసి కంపుకొట్టాయి. ఈగలు ముసిరాయి. అవతల మా బర్రె ఖాళీ తొట్టి నాకి నాకి, మోర ఎత్తి అరవసాగింది.

"నోరులేనిదాని నోటికాడి కుడితి ఎవరు తీస్తున్నారు?" అని అవ్వ అడిగింది. నేను మాట్లాడలేదు.

ఉగాది వెళ్ళిన వారానికి ఆకుపచ్చ డబ్బాల్లో మొలకలు మాడిపోయాయి. నీలం డబ్బాలోవి పసుపుపచ్చబడి, మొదట్లో కుళ్ళి వాలిపోయాయి. బానలో మట్టి నెరెలువిచ్చి మొలకలు వడలిపోయాయి. ఆ రాత్రి మిద్దెమీద పడుకున్నానుగాని నాకు నిద్ర పట్టలేదు. వానలు వస్తాయి. అవ్వ మూట దించుతుంది. విప్పి చూస్తుంది. అప్పుడు?

తెల్లవారి అవ్వ దగ్గరికి వెళ్ళి, "అవ్వా, మూటలో ఉన్నవి బంతి విత్తనాలు కావు, జొన్నపొట్టు," అని చెప్పేశాను.

అవ్వ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మూట దించి విప్పింది. పొట్టు అరచేతిలో పోసుకుని చూసింది. ఊదేసింది. గుడ్డను నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుని, కొట్టంలోకి వెళ్ళిపోయింది. ఆమె కొట్టినా బాగుండునని నాకు అనిపించింది.

ఆ మరునాడే పులివెందుల నుంచి మా మామ వచ్చాడు. వాళ్ళకు చీనీతోట ఉన్నది. ఆయన చీనీకాయల సంచి అరుగుమీద దించి, నా తొట్లు చూసి, "ఏం అల్లుడూ, మొక్కలను వేయించుకు తింటున్నావా?" అన్నాడు. నేను ఏడ్చేశాను. సంగతంతా విని ఆయన నవ్వటం మానేశాడు. "అత్తా, ఏమైనా మిగిలాయా?" అని అవ్వను అడిగాడు. అవ్వ మాట్లాడకుండా వేపచెట్టు వెనక్కు చెయ్యి చూపింది.

నేను మరచేపోయిన ఆ మెడ విరిగిన కుండలో అయిదు మొక్కలు నిగనిగలాడుతున్నాయి! ఆ పక్కనే జాలాడి, అంటే మేము కాళ్ళుచేతులు కడుక్కునే చోటు. అక్కడి నీళ్ళను అవ్వ రోజూ చెంబెడు ఎత్తి ఆ కుండలో పోస్తున్నదని అప్పుడు తెలిసింది. అవి ఏ మొక్కలో ఆమెకు ఆకు చూడగానే తెలిసిపోయిందట. నేనే వచ్చి చెప్పాలని ఊరుకున్నదట.

మధ్యాహ్నం ఎండ బాగా ముదిరాక మామ నన్ను పిలిచి, ఒక్కొక్క తొట్టిమీదా చెయ్యి పెట్టమన్నాడు. ఆకుపచ్చ డబ్బా చుర్రుమన్నది. తెల్లబాన గోరువెచ్చగా ఉన్నది. నీడనున్న కుండ చల్లగా, చెమ్మగా ఉన్నది.

"ముదురు రంగు ఎండను మింగుతుంది, తెలుపు తిప్పికొడుతుంది," అన్నాడు మామ. "పైగా అది రేకు. వేడి క్షణంలో లోపలికి పోతుంది. నేలలో ఉన్న వేరయితే చల్లదనం వెతుక్కుంటూ లోతుకు పోతుంది. డబ్బాలో వేరు ఎక్కడికి పోగలదు?"

కాల్చిన మట్టికుండకు కంటికి కనపడని సన్నని రంధ్రాలు ఉంటాయి. లోపలి తేమ వాటిగుండా పైకి వచ్చి ఆవిరి అవుతుంది. ఆవిరి కావటానికి వేడి కావాలి గనక, ఆ వేడిని కుండనుంచే తీసుకుంటుంది. అందుకే కుండ చల్లబడుతుంది. ఎండాకాలంలో కుండనీళ్ళు చల్లగా ఉండటానికి కారణం ఇదే. కుండకు నూనెరంగు పూస్తే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి.

నీలం డబ్బా వంచితే అడుగునుంచి కుళ్ళునీళ్ళు వచ్చాయి. దానికి చిల్లి లేదు. వేళ్ళకు కూడా గాలి కావాలి. మట్టిరేణువుల నడుమ ఖాళీల్లో గాలి ఉంటుంది. ఆ ఖాళీలన్నీ నీళ్ళతో నిండిపోతే వేళ్ళకు ఊపిరాడదు. బాన సంగతి వేరు. దానికి చిల్లి ఉన్నది, కాని అందులో ఉన్నది ఉత్త నల్లరేగడి. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని పగుళ్ళిస్తుంది. పోసిన నీళ్ళు ఆ పగుళ్ళ వెంట జారి చిల్లిలోనుంచి పోతాయి, మొక్కకు అందవు. ఇసుకా, పశువుల ఎరువూ కలిస్తేనే అది తొట్టికి పనికివస్తుంది. కుండలో ఆ పాళ్ళు కుదిరింది నా తెలివివల్ల కాదు, మట్టి చాలకపోవటంవల్ల!

"మరి ఆ పుస్తకంలో వసంతంలోనే విత్తనాలు వేశారే?" అని అడిగాను.

"వాళ్ళకు మొక్కను చంపేది చలి. చలి పోగానే విత్తుతారు. మనకు చంపేది ఎండ. అందుకే మనం వానను చూసి విత్తుతాం," అన్నాడు మామ.

ఆ మాట నిజమని తరవాత చదివి తెలుసుకున్నాను. కడప జిల్లాలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో చాలాభాగం జూన్‌కూ డిసెంబరుకూ మధ్యనే. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇంకో వింత కూడా తెలిసింది: మన పండుగలన్నిటికీ కావలసిన బంతి అసలు మన దేశపుది కాదు. దాని పుట్టిల్లు సముద్రాల అవతల మెక్సికో. మా అవ్వలాగే అదీ ఎక్కడినుంచో వచ్చి మన ఇంటిదయింది.

మామ వెళ్ళేముందు కుండలో మట్టిపైన రెండంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరిచాడు. చీనీచెట్ల పాదుల్లో కూడా ఎండుటాకులు అలాగే పరుస్తారట. అది దుప్పటిలాగా ఎండను ఆపి, తడిని పోనివ్వదు.

ఆ ఎండాకాలమంతా ఆ అయిదు మొక్కలే నా లోకం. తెల్లవారి ఒక చెంబు, పొద్దు వాలాక ఒక చెంబు, అదీ జాలాడి నీళ్ళే. ఒక మొక్కను మేక కొరికేసింది. మరొకదాన్ని కోడి గీరేసింది. మూడు మిగిలాయి. మొదటి వాన పడిన రోజున వాటిని దొడ్లో నాటాము. అవి గుబురుగా పెరిగి పూశాయి. అవ్వ మొదటి పూలు కొయ్యనివ్వలేదు. ఎండాక ఒక పూవు నా చేతిలో పెట్టి నలపమన్నది. ఒక్క పూవులోనే పదులకొద్దీ గింజలు! అవ్వ రొండినుంచి ఆ పాతగుడ్డ తీసి నా ముందు పరిచింది.

"ముడి నువ్వే వెయ్యి," అన్నది.

ఇప్పుడు అవ్వ లేదు. ఆ విత్తనం ఉన్నది. మా పిల్లలు డాల్డా డబ్బాలకు బదులు రంగుల బకెట్లు తెచ్చి, అడుగున నాలుగు చిల్లులు పొడిచి, పైన తెల్లసున్నం కొట్టి, దానిమీద ఎర్రమన్నుతో ముగ్గులు వేస్తారు. ఉగాదికి తొట్లకు రంగులు వేసి, మట్టి కలిపి సిద్ధం చేస్తారు. విత్తనం మాత్రం వాన వచ్చేదాకా దూలానికే ఉంటుంది.

మీరూ ఈ ఉగాదికి అలా చేసి చూడండి. వేసే ముందు మాత్రం, ఆ విత్తనాలు ఎవరివో వాళ్ళను అడిగి తీసుకోండి.