పాత వాల్వుమీద పడిన నింద

పాతవస్తువు కొని తెచ్చిన యింట ఏ లోపము పుట్టినను నింద దానిమీదనే పడును. కొత్తకోడలు కాపురమునకు వచ్చిన వారమున పాతకుండ బీటవారినచో లోకమేమనునో సోదరీమణులకు మేము చెప్పనక్కరలేదు. మాయింట ఇట్టి నింద ఒక వాల్వుమీద పడినది.

మా మామగారినాటి యాంప్లిఫయరు ఒకటి మాయింట కలదు. మా అత్తగారు సాయంకాలము దీపము పెట్టిన పిదప గ్రామఫోను రికార్డులు వినునది దానిమీదనే. అందు కుడియెడమలకు వేరువేరుగా ఇఎల్ 84 అను పెద్దవాల్వులు రెండు గలవు. ఎడమవైపుది ఆయువు తీరగా, హైదరాబాదు కోఠీలో పాతరేడియో సామానులమ్ము ఒక వృద్ధునియొద్ద వాడిన వాల్వు కొంటిమి. సగము సొమ్మిచ్చి, సరిగా పలికినచో తక్కినది ఇత్తుమంటిమి. ఆయన తాను పరీక్షించిన వాల్వే యని చెప్పి ఇచ్చెను.

పావుగంటలోనే పాట బొంగురుపోయెను. చూడగా గాజులోపలి నల్లనిరేకు కొలిమిలోని ఇనుమువలె ఎర్రబడియుండెను. వాల్వు నడుమ నారింజవన్నెగా వెలుగుట సహజమే గాని, ఈ రేకు ఎర్రబడరాదు. వెంటనే మీట నార్పితిమి. "ముసలివాడు మోసగించినాడు, తక్కిన సొమ్ము ఇయ్యవలదు" అని మాయింటి పురుషులు నిశ్చయించిరి. విచారణ లేని ఈ తీర్పు మాకు సమ్మతము కాలేదు. మాటమీదనే బ్రతుకు సాగించు వర్తకునకు ఆ నింద చిన్నది కాదు.

రేడియోపని నేర్చిన మా మేనల్లుని పిలిపించితిమి. ఇది తెలిసినవారే చేయదగిన పని. ఆ పెట్టెలో 250 వోల్టులకు పైబడిన విద్యుత్తుండును. మీట ఆర్పినను పెద్ద కండెన్సరులలో అది కొంతసేపు నిలిచి ప్రాణాపాయము కలిగింపగలదు.

వాల్వులు చల్లారిన పిదప అతడు వాటిని పైకి తీసెను. కొన్నదాని కాళ్లు వంగలేదు, నల్లబడలేదు. గాజు తలకట్టున అద్దపుపూత వెండివలె మెరయుచుండెను. లోనికి గాలి చొచ్చినచో ఆ పూత తెల్లని సున్నమువలె మారునట. తరువాత అతడు కొన్నవాల్వును కుడివైపునను, ఇంటివాల్వును ఎడమవైపునను పెట్టి మీట వేసెను. ఈ మార్పిడిలో ఖర్చు లేదు, పనిముట్టు లేదు. అయినను ఇంతకు మించిన సాక్షి లేదని మా అభిప్రాయము. దోషము వాల్వుతో కూడ నడచినచో వాల్వుదే నేరము, ఉన్నచోటనే నిలిచినచో పెట్టెదే. కొన్నవాల్వు కుడివైపున చల్లగా పలికెను. ఏండ్లతరబడి సుఖముగా నుండిన ఇంటివాల్వు ఎడమవైపున ఎర్రబడెను!

కారణము తెలిసికొనవలెనన్న వాల్వు లోపలి పని కొంత తెలియవలెను. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు ఇందు గ్రిడ్డు అను తీగెజాలిని చేర్చెను. కాలువకు తూము తలుపెట్టిదో ప్రవాహమునకు ఈ గ్రిడ్డట్టిది. ముందరి వాల్వునుండి పాట దీనికి ఒక చిన్న కండెన్సరు గుండ వచ్చును. ఆ కండెన్సరు చారు వడగట్టు గుడ్డవంటిది. పాటను పోనిచ్చి, వెనుకనున్న పెద్ద వోల్టులను ఆపును. గుడ్డ చిరిగినచో వోల్టులు గ్రిడ్డుమీదికి దిగును, తూము తెరచుకొనును, ప్రవాహము మితిమీరి రేకు ఎర్రబడును.

అయితే లోపల వాయువు చేరిన చెడ్డవాల్వు గూడ తన గ్రిడ్డుమీద ఇట్టి వోల్టులను తానే పుట్టింపగలదు. కావున మేనల్లుడు ఎడమవైపు వాల్వును ఊడదీసి, ఖాళీగూటిలో గ్రిడ్డుకాలు దిగుచోట మీటరు పెట్టెను. అచట సున్న యుండవలెను. పదునొకండు వోల్టులు చూపెను. కుడివైపున సున్నయే.

"అత్తయ్యా, గూటిలో వాల్వే లేదు. ఇక వాల్వుదే నేరమని ఎట్లందుము?" అనెను.

మునుపటి వాల్వు ఏల చచ్చినదో అప్పుడు గాని తెలియలేదు. కొన్నదానిని తిప్పిపంపి సరికొత్తది తెచ్చి పెట్టియున్నను, అదియు నీ గతినే పట్టియుండును. కండెన్సరు వెల వాల్వు వెలలో పదవవంతైనను లేదు. రెండవవైపుదియు అదే యీడుది గనుక రెండింటిని మార్పించితిమి.

తక్కిన సొమ్మును మేమే కోఠీకి పోయి ఇచ్చితిమి. జరిగినదంతయు విని ఆ వృద్ధుడు, వాల్వు ఎంతసేపు ఎర్రబడినదని మాత్రమడిగెను. క్షణములలో ఆపితిమనగా తలయూపి, చిన్నవాల్వులలో దేనినైన పెన్సిలుతో మెల్లగా తట్టిన స్పీకరులో గంటవలె మ్రోగుచున్నదేమో చూడుమనెను. ఒకటి మ్రోగుచున్నది. అది మామగారినాటిది, దాని నెవరును నిందింపలేదు.